బొట్టు పెట్టిన కంప్యూటర్

పోయిన ఆదివారం శ్రావణి మా ఇంటికి వచ్చింది. నేను రిటైరయ్యాక కలకత్తా ఖిదిర్‌పూర్‌లోని మా తెలుగు బడిలో నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఈమె. డ్రాయింగూ కంప్యూటరూ రెండూ ఒకే టీచరు చెప్పే బడి మాది. నాతో మొదలైన ఆ అలవాటును ఈ పిల్లకు అంటగట్టి వచ్చాను. సొంతూరు వరంగల్, భర్త బ్యాంకు ఉద్యోగం మీద ఇక్కడికొచ్చారు. టీ కప్పు అందుకోకుండానే, "టీచర్, నా పని అయిపోయినట్టే అనిపిస్తుంది. పిల్లలు ఫోనుకు చెప్తున్రు, అది బొమ్మ గీసి ఇస్తుంది. ఓడ, దాని మీద పిల్లి, పిల్లికి టోపీ అంటే చాలు, అన్నీ వచ్చేస్తున్నయ్. ఇగ నేనేం నేర్పాలె?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి పాపం. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ పిల్ల బాధకు కాదు, ముప్ఫై ఏళ్ళ కిందట ఇదే భయంతో అదే బడి వరండాలో బిక్కమొహం వేసుకుని నిలబడ్డ నన్ను తలుచుకుని. అప్పుడు భయపడి నేను చేసిన పని చెబితే ఈ పిల్ల నన్ను టీచర్ అని పిలవడం మానేస్తుందేమో అనిపించింది. అయినా చెప్పాను. చెప్పాక, ఇన్నేళ్ళలో ఈ ఒక్క సంగతి ఎక్కడా రాయకుండా దాచుకోవడం బాగా లేదనిపించింది.

మా అయ్యది కార్పొరేషన్‌లో వీధులు కడిగే పని. శ్రీకాకుళం వైపు నుంచి మేనమామ చెయ్యి పట్టుకుని వచ్చి ఆ పనిలో చేరాడట. తెల్లవారేసరికి భుజాన లావుపాటి గొట్టం చుట్ట వేసుకుని వెళ్ళి, ఫుట్‌పాత్ పక్కన ఉండే కుళాయి మూత తీసి, దానికి గొట్టం బిగించి, ఇనప కడ్డీతో తిప్పేవాడు. గంగ నీళ్ళు బురద రంగులో దూసుకొచ్చేవి. ట్రాములు నిండే వేళకు రోడ్డు తడిగా మెరుస్తుండేది, అయ్య ఇంటికొచ్చి మా క్వార్టర్ల వరండాలో కూర్చుని చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటుండేవాడు. ఆయన ఖాకీ చొక్కా ఎన్నిసార్లు ఉతికినా ఒండ్రు వాసన పోయేది కాదు. దేన్నయినా బాగుచెయ్యాలంటే నీళ్ళు పొయ్యడమే ఆయనకు తెలిసిన మార్గం. జ్వరమొస్తే తడిగుడ్డ, కోపమొస్తే చెంబెడు నీళ్ళు, సైకిలు చైను పట్టేస్తే దాని మీదా నీళ్ళే. ఆ ఇనప కడ్డీని మాత్రం రోజూ తుడిచి, నూనె రాసి, దేవుడి పటం కింద పెట్టేవాడు. దాన్ని దాటుకుని వెళ్తే మా వీపులు విమానం మోత మోగేవి.

అమ్మది వేరే పని. మెటియాబ్రుజ్‌లో దర్జీ దుకాణాలు నడిపే పెద్దలను ఓస్తాగర్ అంటారు. అలాంటి ఒక ఓస్తాగర్ దగ్గర నుంచి అమ్మ పల్చటి కాగితాలు తెచ్చుకునేది. వాటి మీద పూల తీగలు గీసి ఉండేవి. గీత వెంబడి సూదితో సన్నటి బెజ్జాలు పొడవాలి. ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరసనాయిలులో కలిపిన నీలిరంగును గుడ్డతో రుద్దితే బెజ్జాల్లోంచి దిగి బట్ట మీద చుక్కల తీగ పడుతుంది. కుట్టుపని వాళ్ళు ఆ చుక్కలు పట్టుకుని కుట్టుకుంటూ పోతారు. ఆ కాగితాన్ని ఖాకా అనేవారు. మధ్యాహ్నం అంట్లు తోమేశాక అమ్మ మడతపెట్టిన దుప్పటి మీద కాగితం పరుచుకుని కూర్చునేది. టిక్కుటిక్కుమని ఆ సూది చప్పుడు వింటూ నేను నిద్రపోయేదాన్ని. ఏడెనిమిదేళ్ళకే నా చేతికీ సూది ఇచ్చింది. "దూరం దూరంగా పొడిసినావంటే తీగ తెగిపోద్ది. మరీ దగ్గిరగా పొడిస్తే కాయితం సిరిగిపోద్ది. సూసుకోవే గుంటా" అనేది. కొన్నాళ్ళకు పొడవడం కంటే గీయడం నాకు బాగా వచ్చేసింది. ఓస్తాగర్ నా తీగలు చూసి, ఈ పిల్ల చేతిలో పని ఉందని అమ్మతో అన్నాడు. ఆ ఒక్క మాటతో అమ్మ నన్ను బొమ్మల చదువుకు పంపించింది, చుట్టాలందరూ వెర్రిబాగులదానా అన్నా వినకుండా. ఇప్పుడా కిరసనాయిలు వాసన ఎక్కడైనా తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి.

అలా చదివి, నేను పుట్టి పెరిగిన వీధికి రెండు మలుపుల అవతల ఉన్న తెలుగు బడిలోనే డ్రాయింగ్ టీచరుగా చేరాను. చేరిన రోజు అయ్య చొక్కాకు గంజి పెట్టించుకుని నన్ను గేటు దాకా దిగబెట్టాడు. ఉద్యోగం పర్మనెంటు కాదు. రెండో ఏడు ఎవరో దాత బడికి మూడు కంప్యూటర్లు ఇచ్చారు. వాటి కోసం ఒక గదికి సున్నం వేయించారు, కిటికీలకు తెరలు కట్టారు. మా హెడ్మాస్టరు విశ్వనాథం గారు కాకినాడ మనిషి, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, ఎవరినీ ఏకవచనంతో పిలవని మర్యాద. ఆయన నన్ను గదిలోకి పిలిచి, "చూడండమ్మా, టైంటేబులులో ఖాళీ లేదు. డ్రాయింగు తీసేసి ఆ పీరియడు కంప్యూటర్లకు ఇమ్మని కమిటీవారి మాట. మీరే నేర్చుకుని చెప్పగలిగితే మిమ్మల్నే ఉంచుతాం. లేదంటే నా చేతిలో ఏమీ లేదు" అన్నారు. దుర్గాపూజ సెలవుల వరకు గడువు. నాకు అంతకు ముందు కంప్యూటరు తాకిన అనుభవం లేదు. వరండాలోకొచ్చి నిలబడ్డాను. ఉద్యోగం పోతుందన్న దిగులు ఒక ఎత్తు, ఇంక ఆ బడిలో ఏ పిల్లా రంగు పెన్సిలు పట్టదన్న దిగులు ఇంకొక ఎత్తు.

వీధి చివర ట్రైనింగు సెంటర్లో చేరాను. మౌసు పట్టుకుని గీత గీస్తే, తడి సబ్బుబిళ్ళతో గోడ మీద రాసినట్టు ఎటో పోయేది. ఒకరోజు విసుగొచ్చి, గీసిన పువ్వును పెద్దది చేసి చూశాను. పెద్దది చేసిన కొద్దీ ఆ వంపు మెట్లు మెట్లుగా విడిపోయి, చివరికి చిన్న చిన్న చదరపు చుక్కలు మిగిలాయి. లోపల గీత అనేదే లేదు. చుక్క పక్కన చుక్క, అంతే. ఓసి నీ దుంపతెగ, ఇది మా అమ్మ ఖాకాయే కదా అనుకున్నాను. ఇంటికెళ్ళి అమ్మకు చెబితే, "మరి సూది ఎవుడు పొడుత్తాడే?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే నేను మిగతా పాఠాలన్నీ బుద్ధిగా నేర్చుకున్నాననుకుంటాను.

ఇంక మా బడి బంట్రోతు హరిపద దాదా గురించి చెప్పాలి, దాదా అంటే ఇక్కడ అన్న. బడ్జ్ బడ్జ్ నుంచి రోజూ లోకల్ రైల్లో వచ్చేవాడు. ఇరవై ఏళ్ళు తెలుగు బడిలో గంట కొట్టి కొట్టి తెలుగు పట్టేశాడు, కాకపోతే మనుషులందరినీ 'వాడు' అనేసేవాడు, హెడ్మాస్టరు గారితో సహా. నన్ను మాత్రం బెంగాలీ వాళ్ళు టీచరమ్మను పిలిచినట్టు దిదిమొణి అనేవాడు. కంప్యూటర్ గది తాళం ఆయన దగ్గరే ఉండేది. చెప్పులు విప్పకుండా గుమ్మం తొక్కితే హెడ్మాస్టరునైనా ఆపేవాడు. రోజూ దుమ్ము దులిపేవాడు గానీ యంత్రాన్ని వేలితో ముట్టుకునేవాడు కాదు, ముట్టుకోవద్దని ఆయనకు హుకుం.

భాద్రపదంలో విశ్వకర్మ పూజ వచ్చింది. కలకత్తాలో ఆ రోజు పనిముట్లన్నిటికీ పూజ. రిక్షా, లేతు మిషను, కుట్టు మిషను, అన్నీ బొట్లు పెట్టించుకుని విశ్రాంతి తీసుకుంటాయి, మర్నాటి వరకు వాటిని ఎవరూ నడపరు. ఆకాశమంతా గాలిపటాలు. మా అయ్య తన ఇనప కడ్డీకి పూజ చేసుకుని, నా వంక చూశాడు. "నీ మిషనుకి ఎవులు పెడతారే బొట్టు? మొదటి ఏడు బొట్టు లేకపోతే మిషను కరుత్తాది. నీ ఉద్దోగం దాని మీదే కదేటి?" అన్నాడు. నవ్వి ఊరుకోవలసింది. కానీ అప్పటికి నా భయం ఎంతగా ముదిరిందంటే, ఎవరైనా కోడిని కొయ్యమన్నా కోసేసి ఉండేదాన్ని. బడికి ఒంటిపూటే. హరిపద దాదా తాను కొట్టే బడి గంటకు పూజ చేసి, రిక్షా స్టాండులో కిచిడీ పెడుతున్నారని బయలుదేరుతున్నాడు. కాస్త పని ఉందని నేను తాళంచెవి అడిగితే మారు మాట లేకుండా ఇచ్చి వెళ్ళాడు.

గేటు బయట ఆగిన అయ్యను పిలిస్తే, చెప్పులు విప్పి, తలపాగా తీసి, ఆ గదిలోకి గుళ్ళోకి వెళ్ళినట్టు వెళ్ళాడు. మూడింటికీ పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు, బంతిపూలు వేశాడు. అక్కడితో ఆపితే ఏ గొడవా లేదు. పాలు కలిపిన గంగ నీళ్ళు ఇత్తడి చెంబుతో తెచ్చాడు. మామిడాకుతో చల్లుతూ, ఆ ఆకు సరిపోదనుకున్నాడో ఏమో, మధ్యలో ఉన్న దాని నెత్తిన చేరెడు నీళ్ళు పోశాడు. జీవితమంతా వీధులు కడిగిన చెయ్యి కదా, చిలకరించడం దానికి చేతకాదు. అద్దం వెనక సన్నటి చీలికల్లోంచి నీళ్ళు లోపలికి దిగడం నేను చూశాను. నేను ఆపలేదు. ఆపకపోగా చెంబు పట్టుకుని పక్కన నిలబడ్డాను, కళ్ళు మూసుకుని దండం కూడా పెట్టుకున్నాను. తర్వాత గబగబా చీర చెంగుతో పైపైన తుడిచి, తాళం వేసి, తాళంచెవిని గంట పక్కన మేకుకు తగిలించి వచ్చేశాం.

మర్నాడు కమిటీ పెద్దమనిషి ఎదుట హెడ్మాస్టరు గారు స్విచ్చి వేశారు. మధ్య కంప్యూటరు టప్పుమని, పొగ కక్కి, కాలిన వాసన వదిలి ఆరిపోయింది. గదిలో బంతిపూలు, బల్ల మీద ఎండిన పాల మరకలు. ఏటేటా గంటకు పూజ చేసేది ఎవరు? తాళం ఉండేది ఎవరి దగ్గర? ఎవరూ ఇంకొకరి పేరైనా తలుచుకోలేదు. హరిపద దాదాను పిలిచి నిలదీశారు. "నేను చెయ్యలేదు" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. అని, నా వైపు చూశాడు. నేను కిటికీ తెర వైపు చూశాను. రేపటి నుంచి రావద్దని ఆ పెద్దమనిషి చెప్పేదాకా నేను ఆ తెర మీద పూలు లెక్కపెడుతూనే ఉన్నాను. నా జీవితంలో నన్ను నేను అసహ్యించుకున్న రోజు అదొక్కటే.

నాలుగు రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. అన్నం సయించలేదు. అమ్మ గుచ్చిగుచ్చి అడిగితే ఏడుస్తూ చెప్పేశాను. పక్క గదిలో అయ్య విన్నాడు. వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "నానొచ్చి సెప్తాను. నీల్లోసింది నాను" అన్నాడు. వద్దు అయ్యా, నా ఉద్యోగం పోతుందని కాళ్ళు పట్టుకున్నాను. ఆయన కాళ్ళు లాక్కోలేదు, కేకలెయ్యలేదు. "ఆ మడిసి నోటికాడి కూడు లాగీసి నువ్వు మేస్టరమ్మవవుతావేటే?" అని మాత్రం అడిగాడు. అంతకంటే ఒక దెబ్బ వేసినా బాగుండేది.

అయిదో రోజు ఉదయం డ్యూటీ దిగి, ఆ తడి ఖాకీ బట్టలతోనే ఆయన నాతో బడికి వచ్చాడు. హెడ్మాస్టరు గారి ఎదుట మొదట అయ్య నోరు తెరవబోతే నేనే చెప్పేశాను. తాళం నేను అడిగాను, చెంబు నేను పట్టుకున్నాను, ఆ రోజు అడిగినప్పుడు నేను నోరు మూసుకున్నాను. విశ్వనాథం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "యంత్రం పోయినందుకు నాకు బాధ లేదమ్మా. అయిదు రోజులు పట్టింది చూడండి, దానికి బాధగా ఉంది" అన్నారు. హరిపద దాదాకు అప్పుడే కబురు పంపారు. మర్నాడు ఆయన వచ్చాక స్టాఫ్ రూములో అందరి ముందు క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన విన్నాడు. వెళ్ళి గంట కొట్టాడు.

నా సంగతి కమిటీ తేల్చేదాకా కంప్యూటర్ గది మొహం చూడవద్దన్నారు. పీరియడు మాత్రం నాదే, పిల్లలు ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఏం చెయ్యాలో తోచక గళ్ళ నోటుపుస్తకాలు తెమ్మన్నాను. అమ్మ చుక్కలే గుర్తొచ్చాయి. ఒక పిల్లను ముందుకు పిలిచి, ఎవరికీ చూపకుండా ఒక బొమ్మ గీసుకుని, ఏ వరసలో ఏ గడి నింపాలో అంకెలతో చెప్పమన్నాను. మిగతా పిల్లలు బొమ్మ చూడకుండా, వింటూ గళ్ళు నింపాలి. చెప్పేవాళ్ళు తడబడితే ఏనుగుకు తొండం వీపు మీద మొలిచేది. వారం తిరిగేసరికి రేవులోని క్రేన్లు, పడవలు, హౌరా బ్రిడ్జి కూడా అంకెల్లోంచి లేచి నిలబడ్డాయి. కంప్యూటరు కూడా ఇలా చెప్పించుకునేదే, మనకు తెలియనిది దానికీ తెలియదు అని చెప్పాను. ఒకరోజు విశ్వనాథం గారు వచ్చి చివరి బెంచీలో కూర్చుని తానూ గళ్ళు నింపడం మొదలుపెట్టారు. ఆయన పడవ విరిగిపోయింది. "మీ పిల్ల తప్పు చెప్పింది" అన్నారు. "లేదు సార్, మీరే ఒక వరస దాటేశారు" అంది ఆ పిల్ల, ఏమాత్రం జంకకుండా. ఆయన పుస్తకం సరిచూసుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారేదాకా నవ్వారు. ఆ సాయంత్రమే కమిటీతో మాట్లాడి మిగిలిన రెండు కంప్యూటర్లున్న గది నాకు తెరిపించారు. డ్రాయింగు పీరియడు పోలేదు, కంప్యూటరు అందులోనే వచ్చి కూర్చుంది.

ఇదంతా విని శ్రావణి కళ్ళు తుడుచుకుని నవ్వింది. పిల్లలు ఫోనుకు చెబుతున్నారంటే, చెప్పడం ఇప్పుడు ఇంకా బాగా నేర్పాలి కదమ్మా అన్నాను. ముందు చేత్తో ఓడ గీసిన పిల్లకే ఓడలో ఏమేం ఉంటాయో తెలుస్తుంది, గీయించుకున్న ఓడలో ఏది తప్పో కూడా ఆ పిల్లే పట్టుకుంటుంది. ఇప్పుడు మెటియాబ్రుజ్‌లో ఖాకా పొడిచేవాళ్ళు చాలా తగ్గిపోయారు. కుట్టు మిషన్లకు కంప్యూటర్లోనే తీగలు గీసి పంపుతున్నారు, అలా గీసేవాళ్ళలో నా దగ్గర చదివిన ఆడపిల్లలు కొందరున్నారు. మా అమ్మ ఒళ్ళు వంచి, కళ్ళు పాడుచేసుకుని చేసిన పనిని వాళ్ళు ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని చేస్తున్నారు. దానికి నేనేమీ విచారించను. బడి ల్యాబులో ఇప్పుడు రెండు వరసల కంప్యూటర్లున్నాయి, విశ్వకర్మ పూజ నాడు బొట్టు ఇప్పటికీ పెడతారు. నీళ్ళ చెంబును మాత్రం గుమ్మం దాటనివ్వరు, అది నేను పెట్టి వచ్చిన కట్టుబాటు.

లేవబోతూ శ్రావణి, "మరి హరిపద దాదా మిమ్మల్ని మాఫ్ చేసిండా టీచర్?" అని అడిగింది.

ఆ సంవత్సరం చలికాలం చివరిదాకా ఆయన నన్ను దిదిమొణి అని పిలవలేదు. తాళంచెవి నా చేతికి ఇచ్చేవాడు కాదు. తానే తలుపు తీసి, పీరియడంతా గుమ్మంలో నిలబడి, తానే వేసుకునేవాడు. అలా ఒకరోజు పిల్లలు వెళ్ళిపోయాక, తాళం వేస్తూ, నా వైపు తిరక్కుండానే, "దిదిమొణి, ఆదివారం నాతో మా ఇంటికి వస్తారా?" అన్నాడు. ఎందుకని అడిగాను. "బడిలో మీరు చెప్పారు. బడిలో అందరూ విన్నారు. మా ఇంట్లో ఎవరు విన్నారు?" అన్నాడు. ఆ అయిదు రోజులూ పని పోయి ఇంట్లో కూర్చుంటే, పూజ నాడు తాగి వెళ్ళి మిషను మీద నీళ్ళు పోశాడని వీధి వీధంతా అనుకున్నారట. తిరిగి పనిలోకి పిలిస్తే, కాళ్ళావేళ్ళా పడి ఉంటాడన్నారట. "వాడు కాదు అంటే నా కూతురు కూడా తల దించుకుంది" అన్నాడు. ఆ 'వాడు' తానేనని అర్థమవడానికి నాకు ఒక క్షణం పట్టింది.

ఆదివారం నన్ను తీసుకెళ్ళడానికి ఆయనే వచ్చాడు. మాఝేర్‌హాట్‌లో రైలెక్కి ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని వెళ్ళి బడ్జ్ బడ్జ్‌లో దిగాం. జూటు మిల్లు గోడకు ఆనుకుని రేకుల ఇల్లు. ఆయన భార్య తలుపు దగ్గర ముసుగు సవరించుకుంటూ నిలబడింది. పదేళ్ళ కూతురు చాప మీద పుస్తకం తెరిచి కూర్చుని ఉంది. ఇరుగు పొరుగు ఆడవాళ్ళు ఇద్దరు కిటికీలోంచి చూస్తున్నారు, వాళ్ళను కూడా ఆయన లోపలికి పిలిచాడు. నన్ను కూర్చోమనలేదు. "చెప్పండి" అన్నాడు. నిలబడే చెప్పాను, నాకొచ్చిన బెంగాలీలో. నీళ్ళు పోసింది మా నాన్న. చెంబు పట్టుకున్నది నేను. దాదా ఆ గదిలో లేడు, తాగి లేడు, నన్ను నమ్మి తాళం ఇచ్చాడు. అడిగిన రోజున నేను నోరు విప్పలేదు. అంతే, ఇంకేమీ కలపలేదు. ఆయన భార్య నా మొహం చూడలేదు, భర్త మొహమే చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల పుస్తకం మూసి, చాప మీద జరిగి జరిగి తండ్రి మోకాలిని ఆనుకుని కూర్చుంది. ఆయన కూతురి తల మీద చెయ్యి వేశాడు. తర్వాత భార్యతో అన్నాడు: "ఇంక దిదిమొణికి అన్నం వడ్డించు."